మేము బర్మాను వెలివేసిన సంగతి

నా జీవితంలో నేను ఒకే ఒక్క దేశాన్ని వెలివేశాను. అది బర్మా. గొప్ప కోసం చెబుతున్న మాట కాదిది. ఆ దేశానికి ఇప్పటికీ ఈ సంగతి తెలియదు. తెలిసినవాళ్ళం మా ఊరి పంచాయితీ మెంబర్లం ఏడుగురం, ఒక గుమాస్తా, మా పక్కింటి అక్క, మా ఆయన. వాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. నేను మిగిలాను కనుక చెప్పే పూచీ నా మీద పడింది. ఇదివరకు ఎవరికైనా చెప్పబోతే, నా తప్పు దగ్గరికి వచ్చేసరికి కాఫీ పెట్టే వంకతో లేచి వెళ్ళేదాన్ని. ఈసారి లేవను.

మాది గురజాలకూ రెంటచింతలకూ మధ్య ఒక ఊరు. వేసవి మధ్యాహ్నం మా నాపరాతి కప్పుల కింద మనుషులు రొట్టెల్లా కాలేవాళ్ళు. సంగతి జరిగింది అరవైల మధ్యలో. ఊరికి రెండు బజార్లు, రెండు పార్టీలు. తూర్పు బజారు వాళ్ళు తెల్లారిందంటే పడమటి బజారు వాళ్ళు తమ వైపు ఇంకా తెల్లారలేదనేవాళ్ళు. పంచాయితీలో తూర్పుకు ముగ్గురు, అందులో ఒకాయన ప్రెసిడెంటు. పడమరకు ముగ్గురు, వాళ్ళకు ఒక ముసలి పెద్దాయన నాయకుడు. ఏడో సీటు ఆడమనిషికి ఇచ్చి తీరాలన్నారు. తూర్పు వాళ్ళు చెప్పిన ఆమెను పడమర, పడమర వాళ్ళు చెప్పిన ఆమెను తూర్పు ఒప్పుకోలేదు. చివరికి రెండు బజార్లకూ రవికలు కుట్టేదాన్ని, ఎస్సెల్సీ పాసైనదాన్ని, నన్ను తెచ్చి కూర్చోబెట్టారు. నన్ను కాదంటే పండక్కి రవికలుండవని ఇద్దరికీ తెలుసు. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. మా ఆయన సాగర్ డ్యాము పనిలో మేస్త్రీ, పదిహేను రోజులకోసారి ఇంటికొచ్చేవాడు.

ముగ్గురూ ముగ్గురూ సమానం గనుక ఏ విషయమైనా నా చేతి మీదికొచ్చి ఆగేది. వీధి దీపం ఏ మలుపులో పెట్టాలన్నా, బందెలదొడ్డికి తలుపు చేయించాలన్నా, నేను చెయ్యెత్తిన వైపు నెగ్గేది. అది మనిషికి ఎంత చెరుపు చేస్తుందో అనుభవిస్తే గాని తెలియదు. మొదటి ఆరు నెలలు బిడియపడ్డాను. తర్వాత చెయ్యెత్తే ముందు కొంచెంసేపు ఆగడం నేర్చుకున్నాను.

ఇక మా పక్కింటి అక్క. మిరపకోతలకూ పత్తి తీతలకూ వెళ్ళే మనిషి. ఆమె భర్త రంగూనులో బియ్యం మిల్లులో పనికి కుదిరి పన్నెండేళ్ళు. మధ్యలో రెండుసార్లు వచ్చాడు. రెండోసారి వచ్చి వెళ్ళాక కూతురు పుట్టింది. అతన్ని నేను ‘అన్న’ అనే పిలిచేదాన్ని. అక్కకు చదువు రాదు కాబట్టి అతని ఉత్తరాలు చదివేదీ నేనే, జవాబు రాసేదీ నేనే. అక్కడ మిలిటరీ వాళ్ళు దేశాన్ని చేతుల్లోకి తీసుకున్నాక ఉత్తరాల రంగు మారింది. మిల్లులు సర్కారువైపోయాయి, కొట్లు సర్కారువైపోయాయి, మనవాళ్ళను పొమ్మంటున్నారు, పోదామంటే కాగితాలు లేవు. ఆ దేశం ఒక తీరు నుంచి ఇంకో తీరుకు మారుతోందని పంచాయితీ రేడియోలో కూడా చెప్పారు. మారుతున్న చోట నిలబడ్డవాడి కాళ్ళ సంగతి మాత్రం చెప్పలేదు.

ఆ రోజుల్లోనే మా పార్లమెంటు మెంబరు మాచర్ల పోతూ మా ఊరి బడి దగ్గర మజ్జిగ కోసం జీపు ఆపాడు. మజ్జిగ తాగినందుకు కాసేపు మాట్లాడాలి గదా, మాట్లాడాడు. అక్క పిల్లను చంకనేసుకొని ముందుకెళ్ళి, ‘అయ్యా, మా ఆయన రంగూన్లో ఇరుక్కున్నాడు, తెప్పిచ్చండయ్యా’ అని ఏడ్చింది. ఆయన కరిగిపోయాడు. ‘అమ్మా, విదేశాంగ విధానం ఢిల్లీలో తయారవుతుందనుకుంటున్నారు. కాదు. మీ ఊళ్ళల్లో తయారవుతుంది. మీ పంచాయితీ ఒక తీర్మానం చేసి పంపండి. నేను సభలో నిలబడి చదువుతాను’ అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. వేరే ఊరైతే ఆ మాట జీపు దుమ్ముతోపాటే కిందపడిపోయేది. మా ఊళ్ళో ప్రెసిడెంటు దాన్ని ఏరుకొని ఇంటికి తీసుకెళ్ళాడు.

మరుసటి వారమే అత్యవసర సమావేశం. పంచాయితీ ఆఫీసంటే బడి పక్కన ఒక్క గది. గోడకు బడి వాళ్ళిచ్చిన పాత దేశపటం తగిలించారు. ‘ముందు ఆ దేశం యాడుందో సూపిచ్చండి’ అన్నాడు పడమటి పెద్దాయన. గుమాస్తా కర్ర పెట్టి చూపించాడు. బర్మా ఉండాల్సిన చోట చెదలు తినేసిన కన్నం ఉంది, అందులోంచి గోడ సున్నం కనపడుతోంది. పెద్దాయన దాన్ని చానాసేపు చూశాడు. ‘ఇదేనా? ఇంతకే ఇంత గొడవా?’ అన్నాడు.

తర్వాత మొదలైంది అసలు చర్చ. మా పంచాయితీకి ఈ విషయంలో అధికారం ఉందా లేదా అని. ప్రెసిడెంటు వేళ్ళు మడుస్తూ చెప్పాడు. ‘కలెక్టరు ఎవరి మాట వింటాడు? మంత్రి మాట. మంత్రిని అడిగేదెవరు? సభ. సభకి మెంబర్ని పంపిందెవరు? మనం. మరి బర్మాకి చెప్పాల్సిందెవరయ్యా?’

పెద్దాయన తేలిగ్గా లొంగే మనిషి కాడు. ‘సభ అడుగుద్ది, సర్కారు చేసుద్ది. అడిగేవోడు వేరు, చేసేవోడు వేరు’ అన్నాడు.

‘సర్కారు చెయ్యకపోతే?’

‘మళ్ళీ అడుగుద్ది.’

‘అప్పుడూ చెయ్యకపోతే?’

‘అడగతానే ఉంటది. అందుకే గదా దానికి అయిదేళ్ళు టైమిచ్చింది.’

ఆ తర్వాత ఎన్నో పుస్తకాలు చదివాను గాని, పార్లమెంటుకూ పరాయిదేశాలకూ ఉన్న సంబంధాన్ని ఇంత తక్కువ మాటల్లో చెప్పినవాళ్ళు కనపడలేదు.

చివరికి తీర్మానం చెయ్యాలని ఒప్పుకున్నారు. ఇక మాటల దగ్గర పేచీ. బర్మా చర్యను ‘తీవ్రంగా ఖండిస్తున్నాం’ అనాలని తూర్పు. ‘గట్టిగా ఖండిస్తున్నాం’ అనాలని పడమర. మూడూ మూడూ, నేనింకా చెయ్యెత్తలేదు. సిలోనును కూడా కలిపి ఖండిస్తే ఒక్క కవరుతో పోతుందని ఒకాయన. సిలోను మీద మా బజారుకేం కోపం లేదని ఇంకొకాయన. పొద్దున్న కూర్చున్నవాళ్ళం మధ్యాహ్నమైంది. కప్పు కాలుతోంది. ఆ సాయంత్రానికి నేను రెండు పెళ్ళి రవికలు ఇవ్వాలి. అవి గుర్తొచ్చి నాకు ఒళ్ళు మండింది.

‘ఖండించటానికే మూడు గంటలు పడితే ఇంక ఆయనొచ్చేదెప్పుడు? మనకి చేతనైన పని ఒకటే గదా, ఆ దేశాన్ని వెలేసెయ్యండి, పోద్ది’ అన్నాను.

ఎకసెక్కానికి అన్నమాట అది. నవ్వుతారనుకున్నాను. పెద్దాయన మెల్లగా తలూపాడు. ప్రెసిడెంటు కూడా ఊపాడు. ఆ రెండు తలలూ ఒకే వైపు ఊగడం ఊరు పుట్టాక అదే మొదలు. ఏకగ్రీవం! గుమాస్తా గబగబా పుస్తకం తీశాడు. పాపం అతనికి వెలి కాగితం ఒక్క తీరుగానే రాయడం వచ్చు. ‘ఇందుమూలముగా బర్మా దేశమునకు నేటి నుండి నిప్పు, నీరు, చాకలి, మంగలి నిలిపివేయడమైనది. మన ఊరి వారెవ్వరును వారితో ఇచ్చిపుచ్చుకొనుట, మాటామంతీ, కాగితం కలము జరుపరాదు’ అని రాసి అందరిచేతా సంతకాలు పెట్టించాడు.

వెంటనే పడమటి వాళ్ళు ప్రెసిడెంటు ఇంటి సింహద్వారం బర్మా టేకుదనీ, దాన్ని ఊడదీయించాలనీ పట్టుబట్టారు. ప్రెసిడెంటు తడుముకోకుండా, ‘వెలికి ముందు తెచ్చుకున్న కోడల్ని వెళ్ళగొడతామా?’ అన్నాడు. అది మా ఊరి ధర్మమే కాబట్టి తలుపు బతికిపోయింది.

నవ్వులాటగా ఉంది గాని, వెలి అంటే ఏంటో నాకు తెలియని సంగతి కాదు. మా తాత క్రైస్తవం పుచ్చుకున్నప్పుడు ఆరు నెలలు వెలి అనుభవించాడు. మా నాయనమ్మ నీళ్ళ కోసం రెండు మైళ్ళు నడిచేది. ఆ ఇంటి పిల్లనై ఉండి ఆ మాట నా నోటనే వచ్చింది. అయినా ఆ సాయంత్రం నాకు సిగ్గు వెయ్యలేదు. ప్రెసిడెంటు నాతో, ‘అమ్మాయ్, ప్రతిపాదించిన మెంబరని నీ పేరు ఢిల్లీ సభలో చదవతారు’ అన్నాడు. ఆ మురిపెంలో పెళ్ళి రవికల్లో ఒకదానికి చంకలు తారుమారుగా కుట్టాను.

తీర్మానం రిజిస్టరు పోస్టులో వెళ్ళింది. సరిగ్గా పన్నెండు రోజులకు రంగూను నుంచి ఉత్తరం వచ్చింది. అక్క పొయ్యి దగ్గర కూర్చుంది, నేను గడప మీద కూర్చొని చదివాను. అన్న రాయించింది ఇది. ‘ఇక్కడ మన దేశపు ఆఫీసు వాళ్ళు ఓడకు పేర్లు రాస్తున్నారు. ఫలానా ఊరివాడినని మన పంచాయితీ ముద్రతో కాగితం కావాలి. అది ఉన్నవాళ్ళను ముందు ఎక్కిస్తున్నారు. మా మిల్లు వాళ్ళందరూ వచ్చే నెలాఖరు ఓడకు పోతున్నారు. చెల్లిని అడిగి వెంటనే పంపించు. మెంబరంట గదా, ఆమెకు చిటికెలో పని.’

అక్క మొహం వెలిగిపోయింది. ‘చూశావా, నువ్వు ఉండబట్టే’ అంది. నిజంగా చిటికెలో పనే. ఒక కాగితం, రెండు ముక్కలు, ఒక ముద్ర. అతనికి సెంటు భూమి లేదు కాబట్టి కరణం లెక్కల్లో ఉండడు. గురజాల తాలూకా ఆఫీసు వాళ్ళు ముందు పంచాయితీ కాగితం తెమ్మంటారు. మొత్తం విదేశాంగ విధానంలో మా పంచాయితీ చెయ్యగలిగిన పని ఈ ఒక్కటే.

నెలవారీ సమావేశంలో ప్రెసిడెంటు, అక్క పేరున నేను రాసిచ్చిన అర్జీ చదివాడు. పడమటి పెద్దాయన చెయ్యెత్తాడు. ‘కాయితం ఎక్కడికి పోవాల?’

‘రంగూనుకు.’

‘వెలేసిన ఇంటికి కాయితం ఎట్టా పంపుతామయ్యా? కాగితం కలం జరపరాదని మనమే గదా రాసుకుంది.’

తూర్పు ముగ్గురూ ఇవ్వాలన్నారు. పడమటి ముగ్గురూ కుదరదన్నారు. అందరూ నా వైపు తిరిగారు. గుమ్మం బయట అరుగు మీద అక్క కూర్చొని ఉంది. తలుపు తీసే ఉంది.

ఇక్కడే నేను కాఫీ పెట్టడానికి లేచేది.

నేను చెయ్యెత్తే ముందు అలవాటు ప్రకారం కొంచెంసేపు ఆగాను. ఆ కాసేపట్లో నాకు ఢిల్లీ కనపడింది. పెద్ద సభ, నా పేరు, నా వెలి. తీర్మానం చేసి నెల తిరక్కుండా మేమే తప్పామని తెలిస్తే ఆ సభ నవ్వదూ? ‘మనం చేసిన తీర్మానం మనమే మీరితే సభకి విలువేముంటది? ఢిల్లీ నుంచి జవాబు రానివ్వండి. అప్పుడు ఇద్దాం’ అన్నాను. నాలుగుకు మూడుతో అర్జీ వాయిదా పడింది. ప్రెసిడెంటు ముక్కున వేలేసుకున్నాడు. పడమటి పెద్దాయన నన్ను మెచ్చుకుంటూ, ‘ఈ పిల్ల మెంబరంటే మెంబరు’ అన్నాడు.

బయటికొచ్చాక అక్క, ‘ఏమయిందే?’ అని అడిగింది. ‘వచ్చే నెల’ అన్నాను. ‘నెలాఖరుకి ఓడ గదమ్మా’ అంది. ‘ఓడలు చానా ఉంటాయిలే అక్కా’ అన్నాను. ఓడను అప్పటికి నేను బొమ్మలో కూడా సరిగా చూడలేదు.

ఆ వారం మా ఆయన డ్యాము నుంచి వచ్చాడు. నేను గర్వంగా అంతా చెప్పాను. అన్నం కలుపుతున్నవాడు చెయ్యి ఆపాడు. ‘నీకు బర్మాతో పనేందే? ఆమెకి మొగుడితో పని’ అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు గాని, తెల్లారేసరికి ఓడకు ఇంక పది రోజులే ఉన్నాయి. ఉత్తరం పోవడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది.

అయినా వెళ్ళి పెద్దాయన కాళ్ళావేళ్ళా పడ్డాను, వెలి ఎత్తెయ్యమని. ఆయనకు అక్క మీద పగేం లేదు. నిజంగానే బాధపడ్డాడు. కానీ, ‘వెలి వెయ్యటం ఎవడైనా ఏస్తాడు. తియ్యటానికి పద్ధతుంది. వెలి పడ్డోళ్ళు ఊరి ముందుకొచ్చి, తప్పయిందని ఒప్పుకొని, తాంబూలం ఇయ్యాల. ఒప్పుకోకుండా తీస్తే ఇంకోడు భయపడడు’ అన్నాడు.

‘బర్మా ఎట్టా వచ్చుద్ది పెదనాన్నా?’

‘బర్మా తరఫున ఎవరో ఒకళ్ళు రావాల. వాళ్ళ మనుషులంటూ ఈ ఊళ్ళో ఎవరున్నారు?’

ఇద్దరం ఒకేసారి అక్క ఇంటి వైపు చూశాం.

అలా, తరువాతి నెల సమావేశంలో మా అక్క బర్మా అయింది. అప్పటికే ఓడ వెళ్ళిపోయింది. ఉతికిన చీర కట్టుకొని, పళ్ళెంలో తమలపాకులూ వక్కలూ పెట్టుకొని, చెదలు తిన్న దేశపటం కింద నిలబడింది. ప్రెసిడెంటు గొంతు సవరించుకున్నాడు.

‘మావాళ్ళ మిల్లులూ కొట్లూ లాక్కోటం తప్పా కాదా?’

‘తప్పేనయ్యా.’

‘ఏళ్ళ తరబడి పనిచేసినోళ్ళని ఉన్నపళంగా పొమ్మనటం?’

‘తప్పేనయ్యా.’

‘ఇంకెప్పుడన్నా ఇట్టా చేస్తారా?’

‘చెయ్యంలెండయ్యా. ఇంకెప్పుడూ చెయ్యం’ అంది అక్క. అని పళ్ళెం ఒక చేతికి మార్చుకొని రెండో చేత్తో చెంపలేసుకుంది. ఎవరూ నవ్వలేదు. పెద్దాయన కుర్చీలోంచి లేచొచ్చి మొదటి తాంబూలం తీసుకున్నాడు. నా వంతు వచ్చింది. అక్క నాకు కూడా అందరికిచ్చినట్టే ఇచ్చింది.

బర్మాకు నిప్పు, నీరు, చాకలి, మంగలి పునరుద్ధరించారు. ముద్ర వెయ్యబోతే సిరా మెత్త ఎండిపోయి ఉంది. నీళ్ళు చిలకరించి తడిపి కొట్టారు. ఆ కాగితం నేనే బస్సులో గురజాల తీసుకెళ్ళి పోస్టు చేశాను.

ఢిల్లీ జవాబు తర్వాత రెండు నెలలకు వచ్చింది. టైపు చేసిన నాలుగు వరుసలు. మా తీర్మానం అందిందనీ, విదేశీ వ్యవహారాలు గ్రామ పంచాయితీ పరిధిలోకి రావనీ, స్వదేశానికి రాదలచిన గ్రామస్థులకు స్థానిక ధ్రువపత్రాలు జాప్యం లేకుండా ఇవ్వడం మాత్రం పంచాయితీ బాధ్యత అనీ. ప్రెసిడెంటు దాన్ని ఒకసారి చదివి పుస్తకంలో పెట్టాడు. చర్చకు ఎవరూ అడగలేదు.

అన్న ఆరు నెలలకు వచ్చాడు. మిల్లు వాళ్ళంతా వెళ్ళిపోయాక రేవు పక్క రేకుల షెడ్డులో, కాగితం అందాక కూడా తన వంతు కోసం, ఒక్కడే కూర్చున్నాడట. అక్కడ మలేరియా పట్టుకుంది. క్వినైను బాగా ఎక్కించారు. ప్రాణం నిలబడింది గాని ఆ మందు దెబ్బకు రెండు చెవులూ పోయాయి. రెంటచింతల స్టేషన్లో రైలు దిగినప్పుడు, కూతురు అక్క కొంగు చాటు నుంచి ‘నాయనా’ అని పిలిచింది. పిల్ల అతన్ని పిలవడం అదే మొదలు. అతను పెట్టె సర్దుకుంటూ అటు తిరగనే లేదు. పిల్ల ఇంక పిలవలేదు.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను. అన్న మంచం మీద కూర్చొని, చెవిటివాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా అడిగాడు. ‘చెల్లీ, కాయితం ఎందుకంత ఆలస్యమయింది?’

దాచలేదు. ఎదురుగా నేల మీద కూర్చొని మొత్తం చెప్పాను. వెలి నేనే అన్నానని, చెయ్యి నేనే ఎత్తానని, ఓడ నా వల్లే తప్పిందని, నా పేరు కోసం చేశానని. ఏడుస్తూ చెప్పాను. అతను నా పెదాల వైపు శ్రద్ధగా చూశాడు. అంతా అయ్యాక అక్క వైపు తిరిగి, ఏమంటోందని కళ్ళెగరేశాడు.

అక్క నన్ను చూపించింది. ఎడమ అరచెయ్యి చాచి, దాని మీద కుడి పిడికిలితో ముద్ర కొట్టినట్టు కొట్టింది. మళ్ళీ నన్ను చూపించింది.

‘అక్కా, నేను చెప్పింది అది కాదు గదా’ అన్నాను.

‘ఊరుకో’ అంది అక్క. ‘ఆ దేశమూ మంచిది కాక, ఈ ఊరూ మంచిది కాక, మడిసి ఇంక యాడుంటాడు?’

అన్న మంచం మీద నుంచి లేచి నిలబడి నాకు దండం పెట్టాడు. వద్దు వద్దని రెండు చేతులూ ఊపాను. అది నా మంచితనం అనుకున్నాడు. ఇంకోసారి పెట్టాడు.